లెక్క యాడికి పోయినట్టు?

మా నంద్యాల వైపు డబ్బుని 'లెక్క' అంటారు. 'లెక్క ఉందా అబ్బోడా?' అని ఎవరైనా అడిగితే ఎక్కాలు వచ్చా అని కాదు, జేబులో ఏమన్నా ఉందా అని. 'దుడ్లు' అనే మాట కూడా ఉంది కానీ లెక్కలో ఉన్న అందం దాంట్లో లేదు. డబ్బంటే చేతిలో ఆడేది మాత్రమే కాదు, ఎవరో ఒకరు రాసుకుని గుర్తుపెట్టుకోవాల్సింది కూడా అని మా పెద్దవాళ్లు ఎప్పుడో కనిపెట్టినట్టున్నారు. ఇప్పుడా రాసుకునే పని సెల్‌ఫోనుకీ, వేలిముద్ర మిషనుకీ, ఎక్కడో కంటికి కనపడని సర్వరుకీ అప్పజెప్పాం. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకి దాదాపు నలభై కిలోమీటర్లు. ఈసారి ఆ దారిలో లెక్క ఎట్లా నడుస్తా ఉందో చూసుకుంటూ పోయాను. పోవడానికి ఒక బలమైన కారణం కూడా ఉంది. ఆళ్లగడ్డలో మా మేనమామ లెక్క పదివేలు కనపడకుండా పోయింది.

మాట్లాడే డబ్బా

నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమయింది. అంతకుముందు కర్నూలు జిల్లాలో ఒక ఊరు. అయినా ఈ ఊరికి ఢిల్లీ కొత్తేం కాదు. 1977లో రాష్ట్రమంతా కాంగ్రెస్ గాలి వీస్తుంటే ఇక్కడ ఒక్కచోటే జనతా పార్టీ నుంచి నీలం సంజీవరెడ్డి గెలిచారు. ఆ తర్వాత రాష్ట్రపతి అయ్యారు. 1991లో ప్రధానిగా ఉన్న పీవీ నరసింహారావు ఉప ఎన్నికలో పోటీ చేసి గెలిచిందీ ఇక్కడి నుంచే. చుట్టూ తొమ్మిది నందులు, పక్కన కుందూ నది, తూర్పున నల్లమల. పొద్దున్నే ఏ వీధిలోకి పోయినా ఉగ్గాని వాసన.

ఉగ్గాని తెలియనివాళ్లకి ఒక మాట. బొరుగులు నీళ్లలో తడిపి, పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, పసుపు వేసి తాలింపు పెట్టి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జి లేకపోతే అది ఉగ్గాని కిందికే రాదు. గాంధీ చౌక్ దగ్గర ఒక బండి ముందు నిలబడి తింటుంటే, రెండు నిమిషాలకొకసారి ఒక ఆడగొంతు 'ముప్పై రూపాయలు వచ్చాయి', 'అరవై రూపాయలు వచ్చాయి' అని చెప్తా ఉంది. బండాయన తలెత్తి చూడడు. చేతులు బజ్జీల మీద, చెవి డబ్బా మీద.

పక్కనే జామకాయలమ్మే అవ్వ బుట్టలో కూడా అదే డబ్బా. అవ్వకి చదువు రాదు. ఫోనులో వచ్చే మెసేజ్ ఆమెకి ఎందుకూ పనికిరాదు. 'నువ్వు ఏసినావో ఏసినట్టు చూపిచ్చినావో నాకేం తెలుస్సాది నాయనా? ఇది పలికితేనే కాయలిచ్చేది' అంది నవ్వుతూ. పెద్దపెద్ద యాప్‌లు చేయలేని పనిని ఆ చిన్న డబ్బా చేసిందనిపించింది. కంటితో చదవలేనివాళ్లకి చెవితో నమ్మకం కలిగించింది. అదీ తెలుగులో.

యూపీఐని 2016 ఏప్రిల్ 11న మొదలుపెట్టారు. అదే ఏడాది నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాయి. నంద్యాలలో ఏటీఎంల ముందు చెప్పులు వరసలో పెట్టి చెట్టు నీడకి పోయి కూర్చున్న రోజులు చాలామందికి గుర్తే. అప్పుడు దిక్కులేక పట్టుకున్నది ఇప్పుడు అలవాటైపోయింది. 2025 ఆగస్టు ఒక్క నెలలోనే దేశం మొత్తం మీద యూపీఐ లావాదేవీలు 2000 కోట్లు దాటాయి. అందులో అవ్వ జామకాయలు కూడా ఉన్నాయి.

అట్లాగని జనం పాత దారిని పూర్తిగా వదల్లేదు. 2025 ఏప్రిల్ 12న దేశమంతటా యూపీఐ గంటల తరబడి మొరాయించింది. ఆ రోజు ఏం చేశావని బండాయన్ని అడిగాను. బల్ల కింది నుంచి నూనె మరకలు పడ్డ నోటుపుస్తకం తీసి చూపించాడు. 'దీనికి నెట్టు అక్కర్లేదు సార్. ఆ పొద్దు తిన్నోళ్లంతా మర్నాడొచ్చి ఇచ్చినారు. ఒకాయన మాత్రం ఇయ్యాల్టికీ రాలేదు. ఆయన నెట్టున్నా రాడు!'

బ్యాంకుల పేర్ల విషయంలోనూ అంతే. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. సిండికేట్ బ్యాంకు అదే రోజు కెనరా బ్యాంకులో కలిసింది. 2025 మే 1 నుంచి మన రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కూడా కలిసి ఒకటే అయ్యాయి. బోర్డులు మారాయి, చెక్కుబుక్కులు మారాయి, ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు మారాయి. ఆటో ఎక్కి చూడండి, 'ఆంధ్రా బ్యాంకు కాడ దిగుతా' అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆటోవాళ్లు అక్కడే ఆపుతున్నారు కూడా. మచిలీపట్నంలో 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య పెట్టిన బ్యాంకు పేరు రికార్డుల్లోంచి పోయినా నోళ్లలోంచి పోలేదు.

సున్నా రూపాయల టికెట్టు

నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సెక్కాను. ముక్కాలు భాగం ఆడవాళ్లే. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకంలో పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్టు ఉచితం. ఆధార్ చూపిస్తే కండక్టరు మిషన్లోంచి సున్నా రూపాయల టికెట్టు వస్తుంది. నా పక్క సీట్లో ఒక పెద్దామె ఆ టికెట్టుని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. 'ఉత్త టికెట్టే కదమ్మా, దానికంత జాగ్రత్తా?' అంటే, 'ఉత్తదైతేనేం, కాయితం కాయితమే. అడిగితే చూపియ్యాల గదా' అంది. ఆ మాట నా చెవిలో అట్లాగే ఉండిపోయింది. ఎందుకో తర్వాత చెప్తాను.

చిల్లర గొడవ తగ్గింది. ఒకప్పుడు కండక్టరు టికెట్టు వెనక ఇవ్వాల్సిన బాకీ రాసిచ్చేవాడు. దిగేటప్పుడు ఆయన చుట్టూ పదిమంది. బస్సు కదిలిపోతే ఆ రూపాయలు ఆర్టీసీకి కానుక. ఇప్పుడు ఫోను చూపించి స్కాన్ చేసేవాళ్లు ఎక్కువయ్యారు. సిగ్నల్ లేని చోట మాత్రం ఆ గుండ్రటి చుక్క తిరుగుతూనే ఉంటుంది, కండక్టరు విజిల్ పట్టుకుని చూస్తూనే ఉంటాడు.

బస్సు 40వ నంబరు జాతీయ రహదారి మీద దక్షిణంగా పోతుంటే ఎడమ చేతివైపు నల్లమల వెంటే వస్తుంది. కాలవ నీళ్లు పారిన చోట వరి, లేనిచోట నల్లరేగడిలో శనగ, జొన్న. సిరివెళ్ల దాటాక కొండ ఇంకొంచెం దగ్గరికొచ్చినట్టనిపిస్తుంది. ఆళ్లగడ్డకి రైలు లేదు. బస్సే దిక్కు. అహోబిలం పోయే భక్తులు చాలామంది ఇక్కడే దిగుతారు.

ఉలి పట్టిన వేళ్లు

ఆళ్లగడ్డలో శిల్పుల షెడ్ల దగ్గరికి పోతే ముందు చప్పుడు వినపడుతుంది. ఒకప్పుడు ఉలి, సుత్తి చప్పుడే. ఇప్పుడు కోత మిషన్ల రొద కూడా కలిసింది. మిషన్ రాయిని కోస్తుంది కానీ మొహం తేలేది మనిషి చేతిలోనే. ఆళ్లగడ్డ రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఇక్కడి విగ్రహాలు ఎక్కడెక్కడి గుళ్లకో పోతాయి. రోడ్డు పక్కన సగం చెక్కిన ఆంజనేయులు, ఇంకా కళ్లు తెరవని అమ్మవార్లు, గడ్డిలో పడుకోబెట్టిన నందులు. తెల్లటి రాతిపొడి అందరి మీదా ఒకే తీరుగా పడి ఉంటుంది, దేవుడని చూడదు, మనిషని చూడదు.

మా మామకి డెబ్బై దగ్గరపడుతోంది. పన్నెండేళ్ల వయసు నుంచీ ఉలి పడుతున్నాడు. ఒక గుడివాళ్లు విగ్రహానికి అడ్వాన్సు ఆయన ఖాతాలో వేశారు. మనవరాలి ఇంటర్ ఫీజుకి అందులోంచి పదివేలు తీద్దామని వీధి చివర మినీ బ్యాంకుకి పోయాడు. మినీ బ్యాంకంటే ఒక చిన్న గది, ఒక కుర్రాడు, ఒక వేలిముద్ర మిషను. ఆధార్ నంబరు చెప్పి వేలు పెడితే ఖాతాలోంచి డబ్బు తీసిస్తాడు. ఒక్కసారికి పదివేల దాకా తీసుకోవచ్చు. బ్యాంకు దాకా పోయి వరసలో నిలబడలేని ముసలివాళ్లకి అది నిజంగా పెద్ద ఆసరా.

మామ కుడి బొటనవేలు పెట్టాడు. పడలేదు. తుడిచి పెట్టాడు. పడలేదు. చూపుడువేలు పెట్టాడు. మిషను కాసేపు ఆలోచించి 'విఫలం' అంది. కుర్రాడు చీటీ ఇచ్చి 'రేపు రా తాతా' అన్నాడు. మర్నాడు పాసుబుక్కు ఎక్కించుకుంటే పదివేలు తీసినట్టు పడి ఉంది.

'లెక్క యాడికి పోయినట్టు అల్లుడూ? వాని కాడ లేదు, నా కాడ లేదు, బ్యాంకోళ్లు మా కాడ లేదంటారు. దయ్యమేమన్నా ఎత్తకపోయిందా?'

మామ మూడుసార్లు బ్యాంకుకి తిరిగాడు. మూడు పూటల కూలి పోయింది. 'వస్తాయి లే పెద్దాయనా, వారం ఆగు' అన్నారు. వారం అయింది. 'ఇంకో వారం' అన్నారు. ఫీజు గడువు ఆగదు కాబట్టి నూటికి మూడు రూపాయల వడ్డీకి పదివేలు బయట తెచ్చాడు. నేను పోయేసరికి పదిహేనో రోజు.

ఆయన చేతులు పట్టుకుని చూశాను. బొటనవేళ్లు, చూపుడువేళ్లు నున్నగా గాజుపలకల్లా ఉన్నాయి. యాభై ఏళ్ల పైగా రాయీ, ఉలీ కలిసి గీతలన్నీ తినేశాయి. 'ఈ ఏళ్లతోనే ఎన్ని ఇగ్రహాలకి కండ్లు పెట్టినానో. ఇప్పుడు నేను నేనేనని సెప్పడానికి ఇవి పనికిరాకపాయె' అన్నాడు మామ. కోపంగా అనలేదు. అదే కష్టమనిపించింది.

డబ్బు మధ్యలో ఎట్లా ఆగుతుంది?

దయ్యం సంగతి చెప్తాను. వేలిముద్ర పెట్టి డబ్బు తీసినప్పుడు పని నలుగురి చేతులు మారుతుంది. మిషను పెట్టిన వాళ్ల బ్యాంకు ఒకటి, మన ఖాతా ఉన్న బ్యాంకు ఒకటి, రెండింటికీ మధ్య కబురు మోసే జాతీయ చెల్లింపుల సంస్థ, వేలిముద్ర మనదేనా కాదా అని చెప్పే ఆధార్ సంస్థ. మన బ్యాంకు 'సరే, తీశాను' అని చెప్పిన కబురు తిరిగి మిషను దాకా రాకముందే లైను తెగిందనుకోండి, మిషనుకి అది విఫలం, బ్యాంకుకి అది సఫలం. డబ్బు మాత్రం రెండు బ్యాంకుల మధ్య త్రిశంకు స్వర్గంలో ఉంటుంది. మినీ బ్యాంకు కుర్రాడు తినలేదు. పాపం అతనే మామ కంటే ఎక్కువ భయపడి ఉన్నాడు. వీధిలో మాట పోతే అతని బతుకు పోతుంది.

దీనికి రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఒక నియమం పెట్టింది. ఏటీఎంలో డబ్బు రాకుండా ఖాతాలో కోత పడినా, వేలిముద్ర మిషనులో ఇట్లా జరిగినా, లావాదేవీ జరిగిన రోజు నుంచి 5 రోజుల్లోపు డబ్బు వెనక్కి రావాలి. యూపీఐలో ఒకరికి పంపిన డబ్బు అవతలి ఖాతాకి చేరకపోతే మర్నాటికల్లా తిరిగి రావాలి. దుకాణానికి చేసిన యూపీఐ చెల్లింపు అయితే 5 రోజులు. గడువు దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. అదీ మనం అడక్కుండానే ఖాతాలో వేయాలి. ఇది దానం కాదు, నియమం.

ఈ సంగతి మామకి చెప్తే నమ్మలేదు. 'బ్యాంకోళ్లు మనకి వడ్డీ కడతారా? ఊరుకో అల్లుడూ!'

ఒక తెల్లకాగితం

ఆ రాత్రి అరుగు మీద కూర్చుని తెలుగులోనే అర్జీ రాశాం. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎంత, చీటీ మీద ఉన్న పన్నెండు అంకెల లావాదేవీ నంబరు, రిజర్వు బ్యాంకు నియమం తేదీ, గడువు దాటిన రోజుల సంఖ్య. చీటీ దొరుకుతుందా అని నాకు గుబులుగా ఉండింది. అత్త లోపలికి పోయి దేవుడి పటం వెనక నుంచి తీసుకొచ్చింది. బస్సులో పెద్దామె అన్న మాట గుర్తొచ్చింది. కాయితం కాయితమే.

పొద్దున బ్యాంకుకి పోయాం. అక్కడి అధికారి వేరే రాష్ట్రం అబ్బాయి, తెలుగు ఇప్పుడిప్పుడే కూడబలుక్కుంటున్నాడు. ఎదురుగా ముప్పైమంది జనం. 'సిస్టంలో పెట్టాం, వస్తుంది' అన్నాడు. పెట్టిన ఫిర్యాదు నంబరు చెప్పమన్నాం. లేదు. నోటిమాటే. అప్పుడు కాగితం రెండు కాపీలూ ముందు పెట్టి, ఒకదాని మీద ముద్ర వేసి ఇమ్మన్నాం. ఆయన కాగితం చదివించుకున్నాడు, నియమం తేదీ దగ్గర ఆగాడు, ముద్ర వేశాడు. కంప్యూటర్లో ఫిర్యాదు నమోదు చేసి నంబరు రాసిచ్చాడు. గొంతులు పెరగలేదు. అరగంట పట్టింది.

నాలుగో రోజు, అంటే లావాదేవీ జరిగిన 19వ రోజున, పదివేలు ఖాతాలో పడ్డాయి. పరిహారం పడలేదు. మామ ఈసారి ఒక్కడే పోయి, ముద్ర ఉన్న కాపీ బల్ల మీద పెట్టి, 'ఐదు రోజులు పోనూ పద్నాలుగు రోజులు సారూ' అన్నాడట. ఇంకో మూడు రోజులకి 1400 పడింది. నాకు ఫోన్ చేసి లెక్క చెప్పాడు. 'నెల వడ్డీ మూడునూర్లు పోయ. మిగిలింది పదకొండునూర్లు. మూడు పూటల కూలి దాంట్లో తీసేస్తే రోంత మిగిల్యా, రోంత తగ్గ్యా. సరికి సరి!'

సరికి సరి అని ఆయనన్నాడు గానీ నాకు అనిపించలేదు. అడక్కుండా రావాల్సినది అర్జీ పెట్టి, అల్లుణ్ణి పిలిపించుకుని, నాలుగుసార్లు తిరిగితే గానీ రాలేదు. కాగితం రాసేవాడు ఇంట్లో లేని ముసలివాళ్లు ఆళ్లగడ్డలో ఎంతమంది ఉంటారో!

అందుకే మీకు నాలుగు మాటలు. మిషను చీటీని, విఫలమన్న చీటీని మరీ జాగ్రత్తగా దాచుకోండి. ఫిర్యాదు నోటితో కాదు, కాగితంతో ఇచ్చి ముద్రో నంబరో తీసుకోండి. 30 రోజుల్లో బ్యాంకు తేల్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు. 2021 నవంబరు 12 నుంచి దాదాపు అన్ని బ్యాంకులకీ ఒకటే పథకం. రుసుము లేదు. 14448కి ఫోన్ చేసి ఎట్లా పెట్టాలో తెలుసుకోవచ్చు. ఇంటర్నెట్టు రానివాళ్లు కాగితం మీద రాసి చండీగఢ్‌లోని రిజర్వు బ్యాంకు కేంద్రానికి పోస్టు చేయొచ్చు. ఇది డబ్బు మధ్యలో ఆగినప్పటి సంగతి. ఎవడో మోసం చేసి లాగేసుకుంటే మాత్రం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, బ్యాంకుకి వెంటనే చెప్పాలి.

వేళ్లు అరిగినవాళ్లకి ఇంకో మాట. పది వేళ్లలో ఏదో ఒకటి మిగతావాటి కంటే బాగా పడుతుంది. ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు మళ్లీ తీయించుకోవచ్చు. పోస్టాఫీసు పేమెంట్స్ బ్యాంకు 2025లో ముఖం చూపించి లావాదేవీ చేసే ఏర్పాటు తెచ్చింది. రాతిపని, బేల్దారి పని, గిన్నెలు తోమే పని, ఏ పనిలోనైనా ముందు అరిగేది వేళ్లే. కష్టం చేసిన చేతినే మిషను గుర్తుపట్టనంటే ఎట్లా?

ఆళ్లగడ్డ నుంచి కాస్త దూరంలోనే అహోబిలం. అక్కడి నరసింహస్వామి ఏటా సంక్రాంతి కనుమ నాడు పార్వేటకి బయలుదేరతాడు. చెంచులక్ష్మిని పెళ్లాడిన అల్లుడు కదా, పెళ్లికి పిలవడానికి చుట్టుపక్కల ఊళ్లన్నీ పల్లకీలో తానే తిరుగుతాడని చెప్తారు. నలభై రోజులకు పైగా తిరుగుతాడు. కొండెక్కలేని ముసలివాళ్ల వాకిట్లోకే దేవుడొస్తాడు. ఎవరినీ వేలు పెట్టమనడు. ప్రభుత్వం పింఛను ఇంటికి తెచ్చిస్తోంది, బ్యాంకు వీధి చివరికి వచ్చింది. మంచిదే. కానీ వాకిట్లోకి వచ్చినవాళ్లు పని చెడినప్పుడు కూడా వాకిట్లోకే రావాలి కదా. అప్పుడు మాత్రం కొండ మనమే ఎక్కాలి.

మామ తర్వాత వేళ్లన్నీ ఒక్కొక్కటిగా పెట్టి చూసుకున్నాడట. ఉలి పట్టుకున్నప్పుడు రాయికి తగలకుండా పక్కకి ఉండేది ఎడమచేతి చిటికెనవేలు ఒక్కటే. దాని గీతలు చెక్కుచెదరలేదు. ఇప్పుడు మినీ బ్యాంకుకి పోతే కుర్రాడు అడగకముందే ఆ వేలే చాపుతాడు. 'పనికి రాకుండా తిరిగిన నా కొడుకు ఇదొక్కటే అల్లుడూ, ఇప్పుడు ఇదే ఇంటి పెద్ద' అంటాడు.